గొంతు మావాడిదే

వేదిక మీద ఒక్క మనిషి, ఒక్క మైకు. తెర లేదు, తోటి నటుడు లేడు, వేషం లేదు. అయినా జనాన్ని కుర్చీల్లోంచి లేవనివ్వకుండా ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టవచ్చని తెలుగువాళ్లకు చూపించినవాడు నేరెళ్ల వేణుమాధవ్. 1932 డిసెంబరు 28న ఓరుగల్లు మట్టెవాడలో పుట్టాడు. పదిహేనేళ్లు నిండకముందే, 1947లో తొలి ప్రదర్శన ఇచ్చాడు. బడిపంతులుగా పాఠాలు చెప్పుకుంటూనే గొంతుతో లోకం చుట్టాడు.

ఒంటిమనిషి ఆట మనకు కొత్తేమీ కాదు. ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టి నిలబడితే పక్కవాద్యాలు పక్కనే ఉన్నా కథలో పాత్రలన్నీ ఆయనొక్కడే. పిట్టలదొర భుజాన కట్టె తుపాకి పెట్టుకుని, లేని జమీందారీని వీధి మధ్యలో మాటలతో కట్టి చూపించేవాడు. బడి వార్షికోత్సవంలో అట్ట కిరీటం పెట్టుకుని దుర్యోధనుడు కాని పిల్లవాడు మన జిల్లాల్లో అరుదు. అయితే వాళ్లందరికీ ఒళ్లంతా పనిముట్టే. వేణుమాధవ్ ఆ పనంతా గొంతుకు అప్పజెప్పాడు. చిత్తూరు నాగయ్య గొంతుతో మొదలుపెట్టి, దేశనాయకుల ఉపన్యాసాలు దాటి, చివరకు హాలీవుడ్ సినిమాల్లో ఘట్టాలకు ఘట్టాలే పలికించాడు. గుర్రాల డెక్కలు, తుపాకుల మోత, వెనకాల వచ్చే సంగీతం అన్నీ ఆ ఒక్క నోటివే. 1971లో ఐక్యరాజ్యసమితిలో వినిపించాడు. 1972 నుంచి ఆరేళ్లు శాసనమండలి సభ్యుడిగా ఉన్నాడు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2017లో, ఆయన బతికుండగానే, ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లొమా పాఠం ఉందంటే ఆ చలవ ఆయనదే. 2018 జూన్ 19న కన్నుమూశాడు.

ఆయన సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు చెప్పబోయే కథలో మనిషి వేణుమాధవ్‌ను ఏనాడూ కలవలేదు, కానీ గురువని చెప్పుకునేవాడు. కథే అనుకోండి. పేర్లు మాత్రం అడగకండి.

ఊరు పెనుగొలను. తిరువూరు నియోజకవర్గం, గంపలగూడెం మండలం. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. అడుగు అటు వేస్తే తెలంగాణ. పత్తి, మిరప, మామిడి పండే నేల. ఆ ఊరినుంచి ఒక కుర్రాడు ఇరవై ఏళ్ల వయసులో హైదరాబాదు వెళ్లి డబ్బింగు కళాకారుడయ్యాడు. ఇంట్లో విజయవాడ రేడియో నాటకాలు వింటూ పెరిగినవాడు. రేడియోలో కనపడని మనుషులు ఏడిస్తే వాళ్ల నాన్న కళ్లు తుడుచుకోవడం చూసి, గొంతుంటే చాలు, మొహం అక్కర్లేదని చిన్నప్పుడే తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానమే తరవాత ఆయన ప్రాణానికి వచ్చింది.

డబ్బింగులో మొహం నిజంగానే అక్కర్లేదు. 1950లో శ్రీశ్రీ మాటలు రాసిన 'ఆహుతి' మొదలు ఈనాటి దాకా తెలుగు తెర మీద వేరేవాళ్ల పెదవులకు మాట పోసినవాళ్లు వందల్లో ఉంటారు. జనం వాళ్లలో ఎందరి పేర్లు చెప్పగలరు? మనవాడు గుంపులో అరుపులతో మొదలుపెట్టాడు. "పట్టుకోండి", "పారిపోతున్నాడు", "అయ్యో పాపం" ఇవీ ఆయన తొలి సంభాషణలు. తరవాత పోలీసు ఇన్‌స్పెక్టర్లు, డాక్టర్లు, హిందీ సీరియళ్లలో మామగార్లు, కార్టూన్లలో ఎలుగుబంట్లు. పాతికేళ్లు తిరిగేసరికి తెలుగునేలలో ప్రతి ఇంట్లోనూ ఆయన గొంతు వినపడింది. పెనుగొలనులో మాత్రం ఒకటే ప్రశ్న.

"సినిమాల్లో ఉన్నావంటగా, ఎక్కడా కనపడవేం?"

సెలవులకు వచ్చినప్పుడల్లా అరుగుల మీద వాళ్లకు తాను చేసిన గొంతులు వినిపించేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు, ఆనక మళ్లీ అదే ప్రశ్న వేసేవాళ్లు. ఊళ్లో ఆయనకు 'గొంతులాయన' అని పేరు పడిపోయింది. ఎదురింటి పెద్దమ్మ ఒక్కతే చనువుకొద్దీ 'గొంతులోడా' అనేది. చిన్నప్పుడు ఆమె కొడుకూ వీడూ ఒకే పలక మీద రాసుకున్నవాళ్లు. ఆ కొడుకు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి స్టూడియోలకు తాళాలు పడ్డాయి. గొంతులాయన పెట్టె సర్దుకుని ఊరొచ్చేశాడు. పని లేదు. తలుపు మూసుకుని కూర్చుంటే నలభై అయిదేళ్ల జీవితంలో తన సొంతమని చెప్పుకోవడానికి ఒక్క అరగంట పనైనా లేదని తోచింది. ఎవరి పెదవులూ కదలకుండా, ఎవరి మొహమూ అడ్డం లేకుండా, తానొక్కడే నిలబడి ఒక ఆట ఆడాలి. వేణుమాధవ్ ఆడలేదూ?

పని మొదలుపెట్టడానికి చోటు కావాలి. ఆ ఏడు పత్తి అమ్ముడుపోక ఇంటి వెనక గది నిండా తాటిదూలాల దాకా పేర్చి ఉంది. ఆ గదిలోకి వెళ్లి ఒక మాట అన్నాడు. ప్రతిధ్వని లేదు. హైదరాబాదులో లక్షలు పోసి గోడలకు దూది, స్పాంజి కొట్టించే స్టూడియోలు ఎన్నో చూశాడు. ఇక్కడ పత్తి బస్తాలే గోడలు. మధ్యలో మనిషి నిలబడేంత జాగా చేసుకుని సాధన మొదలుపెట్టాడు.

మొదటిరోజే అసలు కష్టం తెలిసింది. చేతులు లేవలేదు. డబ్బింగు గదిలో పాతికేళ్లుగా కట్టెలా నిలబడటం అలవాటు. గంజిపెట్టిన చొక్కా వేసుకుంటే దాని గరగర మైకులో పడుతుంది, గడియారం తీసి బయట పెట్టాలి, జేబులో చిల్లర ఉండకూడదు. పెద్ద ఏడుపు ఏడవాలన్నా గొంతు ఒక్కటే ఏడవాలి, భుజం కదలకూడదు. అలా తీర్చిదిద్దిన ఒళ్లు వేదిక మీదకు పనికిరాదు. మేనకోడలు సెల్‌ఫోనులో తీసిన వీడియో చూసుకుంటే, సింహంలా గర్జిస్తున్న ఒక మనిషి రేషన్ క్యూలో నిలబడ్డట్టు కనిపించాడు.

రెండో కష్టం ఊపిరి. స్టూడియోలో సంభాషణ ముక్కలు ముక్కలుగా చెబుతారు. పొల్లు పోతే మళ్లీ చెప్పొచ్చు. గొంతు బొంగురుపోతే ఇవాళ్టికి చాలనొచ్చు. వేదిక మీద గంటన్నర ఏకబిగిన సాగాలి. మొదటి పది నిమిషాల్లోనే విలన్ల అరుపులు అరిచేస్తే చివరికి ఆడపిల్ల గొంతు పలకదు. కనక పల్చటి గొంతులు ముందు, బరువైనవి వెనక అని వరస కట్టాడు. మధ్యలో మంచినీళ్లు తాగాలి కదా, తాగితే ఆట ఆగుతుంది. అందుకని టీకొట్టు దగ్గర ఒక ముసలాయన పాత్రను సృష్టించాడు. ఆ ముసలాయన మాటమాటకూ గ్లాసెత్తి గుటక వేస్తాడు. జనానికి అది నటన, గొంతులాయనకు అది దాహం.

మూడో కష్టం అన్నిటికన్నా పెద్దది. ఏం చెప్పాలి?

మొదట సినిమా నటుల గొంతులన్నీ వరసగా పెట్టి అరగంట ఆట తయారుచేశాడు. రామాలయం అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించాడు. పిల్లలు మర్యాదగా విన్నారు. ఆఖర్న ఒకడు లేచి, "ఇవన్నీ యూట్యూబులో ఉన్నయ్ మావయ్యా" అన్నాడు. మనసు చివుక్కుమంది గానీ మాట నిజమే. ఎవడో ఒకడు చేసిన గొంతును ఇంకొకడు చేసి, దాన్ని చూసి మరొకడు చేస్తుంటే, అసలు నటుడు వచ్చి మాట్లాడినా నకిలీలాగే వినపడే కాలం ఇది.

దాంతో సినిమాలు వదిలేసి ఊరు పట్టాడు. తిరువూరు బస్టాండులో కండక్టరు మధిర, మధిర అని పిలిచే పిలుపు. మధిర స్టేషన్లో బండి ఆలస్యానికి చింతిస్తున్నామని మూడు భాషల్లో ఏమాత్రం చింత లేకుండా చెప్పే ఆడగొంతు. పొలంలో మోటారు స్టార్టరు పట్టీపట్టక తడబడే చప్పుడు. మిరపకల్లంలో ఘాటుకు వరసగా తుమ్ములు. ఒకరి తుమ్ము ఇంకొకరిలా ఉండదు, గమనించారా? ఉల్లిపాయల బండి మీద రికార్డు చేసిన అరుపు. కట్టలేరు పొంగినప్పుడు రోడ్డు మునిగిందో లేదో అని ఒడ్డున నిలబడి వాదించుకునే నలుగురు. నెమలి వేణుగోపాలస్వామి తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడి పేరు మైకులో చెప్పేవాడు, పిల్లాడు దొరికాక కూడా చెబుతూనే ఉండటం. ఇవన్నీ చేస్తుంటే పత్తిగది కిటికీ దగ్గర జనం పోగయ్యారు. కడుపుబ్బ నవ్వారు.

ఒక పెద్దాయన మాత్రం నవ్వీ నవ్వీ, "బాగానే ఉంది గాని, ఇదంతా చప్పుళ్లేగా అబ్బాయ్. మనిషేడీ?" అన్నాడు.

ఆ మాట ఆయన్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. వేణుమాధవ్ ప్రదర్శనల రికార్డులు మళ్లీ పెట్టుకుని విన్నాడు. నాగయ్య గొంతు వినిపిస్తే నాగయ్య మంచితనం కూడా దాని వెంటే వస్తోంది. అది గొంతు మారిస్తే వచ్చేది కాదు. ఎక్కడ ఆగుతాడు, ఏ మాట మింగుతాడు, ఎదుటివాణ్ణి ఎట్లా చూస్తూ ఆ మాటంటాడు, అదంతా దొరికితే గాని మనిషి దొరకడు.

మనిషి కోసం ఊరంతా వెతకనక్కర్లేకపోయింది. ఎదురింట్లోనే ఉన్నాడు. ఉన్నాడంటే, ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోనులో వస్తాడు.

పెద్దమ్మ ఇంట్లో సిగ్నల్ ఒక్క వీధి కిటికీ గూట్లోనే అందుతుంది. చెవులు కాస్త మందం కాబట్టి స్పీకరు పెడుతుంది. నంబరు చూడటం రాదు, పచ్చమీట నొక్కడం, ఎర్రమీట నొక్కడం అంతే తెలుసు. డాలస్ ఫోను వచ్చిందంటే వీధి వీధంతా వింటుంది. అవతలివాళ్లకు శనివారం రాత్రి, ఇక్కడ ఆదివారం ఇడ్లీల వేళ. కొడుకు చెడ్డవాడేం కాదు. నెలనెలా డబ్బు పంపుతాడు, ఇంటికి ఇన్వర్టరు పెట్టించాడు, కరోనా రాగానే మాస్కులు పెట్టె నిండా పంపాడు. ఏ ఒక్క ఆదివారమూ ఫోను మానలేదు. మాట్లాడేది రెండు నిమిషాలే అయినా మాట ఖచ్చితం. "అమ్మా, నేనే. డబ్బులు పడినయ్యా? సరే. బ్యాంకు కాగితం ఏమన్నా వస్తే తీసిపెట్టు. ఆఁ, మేం బాగానే ఉన్నాం. ఉంటా మరి."

గొంతులాయన తన ఆటకు ఇదే ఆయువుపట్టు అనుకున్నాడు. పెనుగొలనులో ఒక ఆదివారం పొద్దు. కోడికూతతో మొదలై, బస్సు వచ్చి, ఉల్లిపాయల బండి వచ్చి, టీకొట్టు ముసలాయన గుటకలు వేసి, మోటారు తడబడి, చివరికి ఎనిమిదింటికి అమెరికా ఫోను. కొడుకు గొంతూ, తల్లి గొంతూ రెండూ తనవే. పెద్దమ్మను అడిగితే, "చెప్పుకోరా, అందులో దాచేదేముంది, వీధంతా వినేదేగా" అంది.

గొంతు పట్టడం తేలికే. కలిసి పెరిగినవాడు. ముక్కుతో సగం, గొంతుతో సగం మాట్లాడతాడు. 'అమ్మా' అన్నప్పుడు రెండో అక్షరం మీద చిన్న విరుపు. అమెరికా వెళ్లాక మాట చివర కొద్దిగా పైకి లేస్తుంది. వారం తిరక్కుండానే పట్టేశాడు. సంభాషణ మాత్రం తానే రాసుకున్నాడు. అసలు సంభాషణ వేదికెక్కితే పేలవంగా ఉంటుందిగా! ఏ కొడుకైనా తల్లితో ఏం మాట్లాడతాడో అదే రాశాడు. తిన్నావా అమ్మా, మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి, రాత్రిపూట ఒక్కదానివే భయమేస్తోందా, నిన్ను కల్లో చూశాను. పత్తిగదిలో ఆ ఘట్టం వినిపిస్తే కిటికీ దగ్గర ఆడవాళ్లు కొంగులు తీశారు.

కన్నతల్లినే నమ్మించగలిగితే ఇక ఎదురులేదనుకున్నాడు. ఒక పొద్దున పత్తిగదిలో కూర్చుని, మేనకోడలి ఫోనుతో ఎదురింటికి చేశాడు.

"అమ్మా, నేనే. తిన్నావా?"

అవతల ఒక్క క్షణం ఆగింది. "ఎవరబ్బాయ్ నువ్వు?" అంది పెద్దమ్మ.

ఎక్కడో సాంకేతికంగా దొరికిపోయానని తీర్మానించుకున్నాడు. అమెరికా ఫోను ఇలా ఉండదు. మాట అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి రెప్పపాటు జాగు ఉంటుంది. వెనక వాళ్లింట్లో గిన్నెలు తోమే యంత్రం చప్పుడుంటుంది. దూరంగా ఇంగ్లీషులో పిల్లల గొడవ ఉంటుంది. అవన్నీ జాగ్రత్తగా కలుపుకుని, జాగు కొలుచుకుని, ఇంకోసారి చేశాడు.

"అమ్మా... నేనే. మోకాళ్లు ఎట్టా ఉన్నయ్యే?"

"ఒరేయ్ గొంతులోడా, పొద్దున్నే నీకేం పనిలేదట్రా?"

చెప్పులైనా వేసుకోకుండా ఎదురింటికి పరిగెత్తాడు. "ఎక్కడ దొరికాను పెద్దమ్మా? ముక్కు ఎక్కువైందా? విరుపు తక్కువైందా?"

"గొంతుకేం, బ్రహ్మాండంగా ఉంది."

"మరి?"

ఆమె చేటలో బియ్యం చెరుగుతూనే, "నీ ఆట రోజున చెబుతాలే" అంది.

ఆయన ఇంకా ఇంకా మెరుగులు పెట్టాడు. దగ్గు మార్చాడు, నవ్వు మార్చాడు, ఊపిరి తీసే తీరు మార్చాడు. మళ్లీ ఫోను చేసిన ప్రతిసారీ ఆమె మొదటి వాక్యంలోనే పట్టేసేది. పాతికేళ్ల అనుభవం అంతా పెట్టినా ఒక చదువురాని ముసలమ్మ చెవి దాటలేకపోయానే అని లోలోపల కుమిలాడు గానీ, పట్టుదలతో ఆట మాత్రం నిగ్గుతేలింది. స్టూడియోలు తెరిచాక కూడా నెలకోసారి ఊరొచ్చి పత్తిగదిలో సాధన చేశాడు. పత్తి అమ్మేశాక బొంతలు కట్టుకుని చేశాడు. చేతులు కదలడం నేర్చాయి. భుజం ఏడవటం నేర్చింది.

ప్రదర్శనకు రోజు కూడా ఆయనే నిర్ణయించాడు. డిసెంబరు 28, వేణుమాధవ్ పుట్టినరోజు. మిమిక్రీ కళాకారులు పండగ చేసుకునే రోజు. అంతకన్నా మంచి ముహూర్తం లేదు. దైవికంగా అదే సమయానికి డాలస్ నుంచి పెద్దమ్మ కొడుకు క్రిస్మస్ సెలవులకు వచ్చాడు. మామిడితోట అమ్మకం పని, రిజిస్ట్రేషన్‌కు తల్లి వేలిముద్ర కావాలి. చిన్ననాటి స్నేహితుడి ఆట అనగానే షామియానా, కుర్చీలు, మైకుసెట్టు ఖర్చంతా తానే పెట్టుకున్నాడు. అందుకని ముఖ్య అతిథి కూడా ఆయనే. మొదటి వరసలో తల్లి పక్కన కూర్చోబెట్టారు.

ఆట రాణించింది. కండక్టరు కేకకు ఈలలు, తుమ్ములకు చప్పట్లు. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడికి జనంలోంచే ఎవరో, "ఇక్కడే ఉన్నాడు!" అని కేక వేశారు. మధ్యలో కరెంటు పోయింది. గొంతులాయన తొణకలేదు. జనరేటరు తాడు లాగే చప్పుడు, అది మొరాయించే చప్పుడు, ఆపరేటరు తిట్లు చేస్తూ కూర్చున్నాడు. అసలు జనరేటరు మోగేసరికి అది కూడా ఆయనే చేస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు.

ఆఖరున ఫోను మోగింది. కొడుకు గొంతు వినపడగానే మొదటి వరసలో అసలు కొడుకు ఉలిక్కిపడ్డాడు. తిన్నావా అమ్మా అనేసరికి షామియానా కింద చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. నిన్ను కల్లో చూశాను అనేసరికి ముక్కులు చీదుకోవడాలు. డాలస్ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆట ముగియగానే గబగబా వేదికెక్కి స్నేహితుణ్ణి కావలించుకున్నాడు. మైకు అందుకున్నాడు.

"అచ్చం నా గొంతే! నేనే మాట్లాడుతున్నాననుకున్నాను. అమ్మకూ నాకూ మధ్య ఉన్న ప్రేమ ఇంతమందికి తెలియడం నా అదృష్టం. సముద్రాల అవతల ఉన్నా కొడుకు కొడుకే అని వీడు నిరూపించాడు."

చప్పట్లు మార్మోగాయి. ఆయన ఆ చివరి ఘట్టాన్ని ఫోనులో తీసుకుని, అక్కడికక్కడే డాలస్ తెలుగు మిత్రుల గుంపులో పెట్టేశాడు. పెట్టీ పెట్టకముందే దండం బొమ్మలు వచ్చిపడ్డాయి.

గొంతులాయన కిందికి దిగి మైకు పెద్దమ్మ ముందు పెట్టాడు. మనసులో ములుకు ఇంకా ఉంది కదా. "పెద్దమ్మా, ఇంతమంది నమ్మారు. నీ కొడుకే నమ్మాడు. నువ్వొక్కదానివే ఒక్కసారైనా నమ్మలేదు. ఇవాళ చెబుతానన్నావు. ఎక్కడ పట్టేశావు?"

పెద్దమ్మకు మైకు కొత్త. దాన్ని కొంచెం దూరం జరిపి, ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేనట్టు, ఉన్న మాట చెప్పింది.

"గొంతు మావాడిదే నాయనా. మాటలే మావాడివి కావు."

జనం నవ్వాలో వద్దో తేల్చుకునేలోగా మైకుసెట్టువాడు పాట పెట్టేశాడు. డాలస్ ఆయన శాలువా సరిచేసుకున్నాడు. ఆ రాత్రి తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో వీధికి తెలియదు, అది స్పీకరులో జరగలేదు కనక. వేలిముద్ర పడింది. తోట రిజిస్టరైంది. కొత్త సంవత్సరం రాగానే ఆయన విమానం ఎక్కాడు. ఎక్కేముందు తల్లి కాళ్లకు దండం పెట్టి చాలాసేపు లేవలేదని డ్రైవరు చెప్పాడు.

మరుసటి ఆదివారం. చలిగా ఉంది. గొంతులాయన మధ్యాహ్నం హైదరాబాదు బస్సెక్కాలి. తన అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. వీధిలో నలుగురూ ఎండ కాగుతూ ఆట గురించే చెప్పుకుంటున్నారు. ఎనిమిదవుతుండగా ఎదురింటి కిటికీ గూట్లో ఫోను మోగింది. లోపల పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ నిదానంగా వచ్చి పచ్చమీట నొక్కింది.

"అమ్మా... నేనే. తిన్నావా?"

వీధిలో మాటలు ఆగిపోయాయి. ఆ గొంతు మళ్లీ అంది, ఈసారి కొంచెం వణుకుతూ.

"మోకాళ్లు ఎట్టా ఉన్నయ్యమ్మా? రాత్రిపూట ఒక్కదానివే భయమేస్తోందా?"

పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వు కూడా స్పీకరు అవసరం లేకుండానే వీధంతా వినపడింది.

"ఇక చాల్లేరా గొంతులోడా, ఆట అయిపోయిందిగా. ఫోను పెట్టెయ్. మావాడు చేసే టైమయింది, పాపం లైను దొరక్క ఇబ్బంది పడతాడు."

అని ఎర్రమీట నొక్కేసింది.

వీధిలో అందరి చూపులూ ఒక్కసారిగా అరుగు వైపు తిరిగాయి. గొంతులాయన చేతిలో ఫోను లేదు. నోటినిండా ఇడ్లీ ఉంది.

ఆ ఫోను డాలస్ నుంచే వచ్చింది.